తుపాకి, పిస్తోలు, రివాల్వర్: ఏది ఎక్కడ రాయాలి?

సందేహం: 1981లో వచ్చిన 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' సినిమాలో కనిపించే ఆయుధాల మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. కైరో బజారు సన్నివేశం గురించి "ఇండియానా జోన్స్ తన పిస్తోలు నుంచి ఒక తూటాను కాల్చి కత్తివాడిని పేల్చేశాడు" అని రాశాను. అది పిస్తోలు కాదు, రివాల్వర్ అన్నాడు మా స్నేహితుడు. ఇంకొకాయన, తుపాకి అనే అచ్చ తెలుగు మాట ఉండగా ఆ రెండూ ఎందుకన్నారు. తుపాకులు అనాలా, తుపాకీలు అనాలా? షూటింగులో వాడే డమ్మీ తుపాకులను, డమ్మీ తూటాలను తెలుగులో ఏమనాలి? దయచేసి వివరించగలరు.

సమాధానం: మీ ఉత్తరం చదివాక ఆ సన్నివేశాన్ని ఆపి ఆపి మళ్లీ చూశాను. నల్లబట్టల మనిషి కత్తిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ విన్యాసాలు చేస్తాడు. జోన్స్ విసుగ్గా చూసి, నడుము దగ్గరున్న ఒర లోంచి ఆయుధం తీసి ఒక్కసారి కాలుస్తాడు. అతని చేతిలో ఉన్నది రివాల్వరే, స్మిత్ అండ్ వెసన్ కంపెనీది. గొట్టానికీ పిడికీ మధ్య ఉబ్బెత్తుగా ఒక చక్రం కనిపిస్తుంది చూడండి. ఆ చక్రంలోని గదుల్లో తూటాలుంటాయి. కాల్చినప్పుడల్లా అది ఒక గది చొప్పున తిరుగుతుంది. తిరుగుతుంది కాబట్టే రివాల్వర్ అన్నారు. పేలిన తూటా గొట్టం బయటపడదు, ఆ గదిలోనే ఉండిపోతుంది.

అదే సినిమాలో నేపాల్ సారాకొట్టు పోరాటం చూడండి. అక్కడ జోన్స్ చేతిలో బ్రౌనింగ్ హై పవర్ కూడా కనిపిస్తుంది. దానికి చక్రం లేదు. తూటాలు పిడిలోకి దూర్చిన మ్యాగజైన్ అనే చిన్న పెట్టెలో ఉంటాయి. పేలిన ప్రతిసారీ పైభాగం వెనక్కి జరిగి, ఖాళీ తూటా గొట్టం పక్కకు ఎగిరిపడుతుంది. ఇది పిస్తోలు. ఒకే మనిషి, ఒకే సినిమా, రెండు ఆయుధాలు. ఆయుధాలను గుర్తుపట్టి చెప్పడమే మీ వ్యాసం పని కాబట్టి ఈ రెండింటికీ ఒకే పేరు పెడితే వ్యాసం రాసిన ప్రయోజనం ఉండదు. మీ స్నేహితుడి మాటే ఒప్పు. అయితే మీరు చేసింది పెద్ద నేరమేమీ కాదు. చేతిలో ఇమిడే ఆయుధం ఏదైనా పిస్తోలు అనడం వాడుకలో ఉన్నదే. కథ రాసేటప్పుడు అలా అన్నా చెల్లుతుంది.

ఇక తుపాకి అచ్చ తెలుగు అన్నవారి మాట. అది అచ్చ తెలుగు కాదు. టర్కీ భాషలోని తుఫెక్, పారశీకంలోని తుఫంగ్ దీనికి దగ్గరి చుట్టాలు. తమిళుల తుప్పాక్కి, కన్నడిగుల తుపాకి కూడా ఆ కుటుంబానివే. తెలంగాణలో వినిపించే బందూకు అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చింది. ఫిరంగి అసలు ఆయుధం పేరే కాదు. ఐరోపావాళ్లను ఫరంగీలు అనేవారు. వాళ్ల వెంట వచ్చిన ఆయుధానికీ ఆ పేరే స్థిరపడింది. బొప్పాయిని పరంగికాయ అనడంలోనూ ఉన్నది ఆ ఫరంగీలే. ఇలాంటి మాటలను పరాయివని తోసేయడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. వందల ఏళ్లుగా మన నోట నలిగి, మన వ్యాకరణానికి లొంగినవి మనవే.

ఎలా లొంగిందో బహువచనం చెబుతుంది. కత్తి కత్తులైనట్టు, గుర్తు పెట్టుకోండి, చివర హ్రస్వంతో తుపాకి అంటే తుపాకులు అవుతుంది. ఇకారం ఉకారంగా మారడం తెలుగు పద్ధతి. దీర్ఘంతో తుపాకీ అని రాసేవారికి తుపాకీలు వస్తుంది. వాడుకలో రెండూ ఉన్నాయి, ఏదీ తప్పు కాదు. నేను మాత్రం తుపాకులనే రాస్తాను. ఒకే వ్యాసంలో ఒకచోట అలా, ఒకచోట ఇలా రాయకండి, అంతే.

తుపాకి జాతి పేరు. చెట్టు అన్నట్టు. వేపా మామిడీ వేరువేరని చెప్పాల్సినచోట చెట్టు అంటే సరిపోదు గదా. రైఫిల్, మెషిన్ గన్ లాంటి పేర్లను అలాగే తెలుగు లిపిలో రాయండి. పాత పత్రికల్లో మరతుపాకి అనే చక్కని మాట ఉండేది, మెషిన్ గన్‌కు అది వాడినా బాగుంటుంది. రివాల్వర్‌కు మాత్రం సంస్కృతంలో కొత్త మాట కట్టే ప్రయత్నం వద్దు. ఎవరికీ అర్థం కాని మాటకు పక్కనే మళ్లీ రివాల్వర్ అని రాయాల్సి వస్తుంది. అన్నట్టు, ఆ సినిమాలో జర్మన్ సైనికుల చేతుల్లో ఎంపీ 40 అనే సబ్‌మెషిన్ గన్‌లు ఉంటాయి. కథ జరిగేది 1936లో. ఆ ఆయుధం పేరులోని 40 అంకె 1940వ సంవత్సరానిది. మీ వ్యాసంలో ఈ పొరపాటు కూడా చెప్పండి, పాఠకులు ఆసక్తిగా చదువుతారు.

మీ చివరి ప్రశ్న నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది. డమ్మీ అనే ఒక్క మాటతో మనవాళ్లు నాలుగు వేరువేరు వస్తువులను సరిపెట్టేస్తున్నారు. ముందు తుపాకి సంగతి. మన ఊళ్లలో పిట్టలదొర తెలుసు కదా, కొన్నిచోట్ల తుపాకి రాముడు అంటారు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి, నోట కోతల మీద కోతలు. ఆ కట్టె తుపాకి పేలదు, పేలుతుందని ఎవరూ అనుకోరు. అలాంటిది సినిమాలో రబ్బరుతో చేస్తే రబ్బరు తుపాకి అనండి. నటుడు కిందపడే చోట, దూరంగా నిలబడిన గుంపు చేతుల్లో అవే ఉంటాయి. పిల్లలు ఆడుకునేదైతే బొమ్మ తుపాకి. దీపావళికి మేం ఎర్రటి రీలు చుట్టి టపటపలాడించిన రీలు తుపాకి ఆ కోవలోది. నకిలీ తుపాకి అంటే మోసం చేసే ఉద్దేశం ఉన్నట్టు అర్థం వస్తుంది. దోపిడీ వార్తలో అది సరైన మాట, సినిమా వ్యాసంలో కాదు. అయితే దగ్గరి షాట్లలో కనిపించేవి చాలాసార్లు నిజమైన తుపాకులే. వాటిని డమ్మీ అంటే అబద్ధమవుతుంది.

తూటా దగ్గర ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. తూటా అంటే గొట్టం, దానిలో మందు, ముందు బిగించిన గుండు, అడుగున నిప్పు రాజేసే చిన్న బిళ్ల, అన్నీ కలిసినది. షూటింగులో రెండు రకాలు వాడతారు. ఒకదానిలో మందు ఉంటుంది, గుండు ఉండదు. పేలితే చప్పుడూ మంటా వస్తాయి. ఇంగ్లీషులో బ్లాంక్ అంటారు. రెండోదానిలో గుండు ఉంటుంది, మందు ఉండదు. తూటాలు నిజమైనవిగా కెమెరాకు కనబడాలి కాబట్టి వాడతారు. డమ్మీ అంటే ఇదొక్కటే. నన్నడిగితే మొదటిది గుండు లేని తూటా, రెండోది మందు లేని తూటా. చదివినవాడికి ఏది ఏమిటో వెంటనే తెలుస్తుంది. ఉత్తుత్తి తూటా అనే మాట బ్లాంక్‌కు వాడకండి. అందులో ఉన్న మందు ఉత్తుత్తిది కాదు.

1993 మార్చి 31న అమెరికాలోని విల్మింగ్టన్‌లో షూటింగ్ జరుగుతుండగా బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ చనిపోయాడు. 28 ఏళ్ల కుర్రాడు. అంతకుముందు ఒక షాట్ కోసం అసలు తూటాల్లోంచి మందు తీసేసి మందు లేని తూటాలు తయారుచేశారు. అడుగున ఉన్న బిళ్ల మాత్రం తీయలేదు. ఆ బిళ్ల పేలి గుండును ముందుకు నెట్టింది, కానీ ఆ కాస్త బలం చాలక అది రివాల్వర్ గొట్టంలోనే ఇరుక్కుపోయింది. ఎవరూ చూసుకోలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో గుండు లేని తూటాలు పెట్టి కాల్చారు. వాటిలోని మందు పేలి, ఇరుక్కున్న గుండును బయటికి తన్నింది. రెండు రకాలూ కలిశాక అసలు తూటా అయింది. దీన్ని మన భాషలో "డమ్మీ బుల్లెట్ తగిలి మృతి" అని రాస్తే జరిగింది ఒక్క ముక్క కూడా అర్థం కాదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు మీ వాక్యం. "పిస్తోలు నుంచి కాల్చి" అనడం తెలుగు నుడి కాదు. మనం పిస్తోలుతో కాలుస్తాం. రెండోది, మనిషిని కాలుస్తారు, తుపాకిని పేలుస్తారు. "కత్తివాడిని పేల్చేశాడు" అంటే అతని కింద బాంబు పెట్టినట్టుంది. తూటా దూసుకెళ్లింది అనడం వాడుకలో స్థిరపడిపోయింది, దాన్ని తప్పు పట్టను. కానీ ఎగిరి వెళ్లేది గుండే కాబట్టి ఆయుధాల వ్యాసంలో గుండు అంటేనే మేలు. గురిపెట్టాడు అనాలన్నా, ఎక్కుపెట్టాడు అనాలన్నా మీ ఇష్టం. ఎక్కుపెట్టడం విల్లుకు నారి బిగించడం నుంచి వచ్చిన మాట. సీతాస్వయంవరంలో రాముడు చేసింది అదే. విల్లు పోయి తుపాకి వచ్చినా మాట మిగిలింది. అయితే ఈ సన్నివేశంలో జోన్స్ గురి చూడటానికి కూడా ఆగినట్టు కనబడడు, కాబట్టి ఆ మాట ఇక్కడ అక్కర్లేదు. నేనైతే ఇలా రాస్తాను: "ఇండియానా జోన్స్ రివాల్వర్ తీసి, కత్తివాణ్ణి ఒక్క గుండుతో కాల్చేశాడు."