అమెరికా రాక్ బృందం ఈగల్స్ పాడిన ‘హోటల్ కాలిఫోర్నియా’ పాటలో పదాలన్నీ తెలుస్తున్నాయి, అర్థం మాత్రం అందడం లేదు. ఒకరు సైతాను పాటంటారు, ఇంకొకరు మత్తుమందుల పాటంటారు. రాక్ సాహిత్యాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

మన చెవికి అలవాటైన సినిమా పాటకు సందర్భం ముందే ఉంటుంది. ఎవరు, ఎవరితో, ఎందుకు పాడుతున్నారో కథే చెప్పేస్తుంది. రాక్ పాటకు ఆ వెసులుబాటు లేదు, సందర్భాన్ని పాటలోంచే తవ్వుకోవాలి. అందుకే ‘అర్థమేంటి’ అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, పాడుతున్న ఈ ‘నేను’ ఎవరు, ఎక్కడున్నాడు, మొదటి చరణం నుంచి చివరి చరణానికి వచ్చేసరికి అతనికి ఏమైంది అని చూడండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

మొదటి రెండుసార్లు సాహిత్యం ముందు పెట్టుకోకుండా వినండి. మూడోసారి కాగితం మీద చూస్తూ వినండి. అర్థంకాని చోట వేగం 0.75కి తగ్గిస్తే మింగేసిన అక్షరాలు బయటపడతాయి. వీలైతే ఆల్బంతో వచ్చిన సాహిత్యమే చూడండి. లిరిక్స్ సైట్లలో ఎవరి చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేస్తారు. ఈ పాటలోనే ‘మెర్సిడెస్ బెండ్స్’ అని ఉన్నదాన్ని కొందరు ‘బెంజ్’ అని దిద్దేస్తారు. ‘బెండ్స్’ అంటే లోతు నీళ్లలోంచి పైకొచ్చే డైవర్లకు పట్టే జబ్బు. కారు పేరునే వంకర తిప్పి, ఆ హోటల్లో ఎదురైన అమ్మాయి బుద్ధికి పట్టిన డబ్బు జబ్బుగా మార్చిన చమత్కారం దాంతో చచ్చిపోతుంది.

తర్వాత బడిలో పద్యానికి చేసినట్టే: ముందు ప్రతిపదార్థం, తర్వాతే తాత్పర్యం. చాలామంది నేరుగా తాత్పర్యానికి దూకి దెబ్బతింటారు. చివరి చరణంలో మేమంతా ఇక్కడ ఖైదీలం, ‘ఆఫ్ అవర్ ఓన్ డివైస్’ అంటారు. ఇక్కడ డివైస్ అంటే పరికరం కాదు, పన్నిన ఎత్తు. ఎవరు తవ్వుకున్న గోతిలో వాళ్లే పడ్డారన్నమాట. ఈ ఒక్క మాట సరిగ్గా పట్టుకుంటే సైతాను బంధించాడన్న వాదన నిలవదు.

రెండో చరణంలో హోటల్లో దిగిన ఆ ‘నేను’ కెప్టెన్‌ని పిలిచి వైన్ అడుగుతాడు. (ఓడ కెప్టెన్ కాదు, హోటల్లో వడ్డన చూసే మనిషి.) 1969 నుంచి మా దగ్గర ఆ ‘స్పిరిట్’ లేదని జవాబు. వైన్ పులియబెట్టేది, స్పిరిట్ బట్టీలో కాచేది, రచయితకు ఆ తేడా తెలియదని తప్పుపట్టేవాళ్లున్నారు. అది శ్లేష: మద్యమూ, స్ఫూర్తీ. పాట ఉన్న ఆల్బం వచ్చింది 1976 డిసెంబరులో. హిప్పీ తరం పెద్ద సంగీతోత్సవం వుడ్‌స్టాక్ 1969 ఆగస్టులో జరిగింది. అదే ఏడాది డిసెంబరులో కాలిఫోర్నియాలోనే ఆల్టమాంట్ కచేరీలో, వేదిక ముందే ఒక ప్రేక్షకుణ్ణి పొడిచి చంపారు. ఆ తరం ఆశ ఆ ఏడాదితోనే అడుగంటిందని నిట్టూర్పు.

మత్తుమందుల వాసన లేదా? ఉంది. మొదట్లోనే ‘కొలీటాస్’ వాసన వస్తుంది, స్పానిష్‌లో ‘చిన్న తోకలు’ అని అర్థం, వాడుకలో గంజాయి మొగ్గలు. కానీ ఒక్క పదం దొరికింది కదా అని పాటంతా దానికే కట్టేయకూడదు. పాటలో వచ్చే ‘స్టీలీ’ కత్తులు స్టీలీ డాన్ అనే మరో రాక్ బృందం మీద సరదా విసురు. తమాషాగా ఉంటుంది, అంతే. దాన్ని తీసేసినా కథ మారదు. ఆల్బం ముఖచిత్రంలోనిది కూడా బెవర్లీ హిల్స్ హోటలే, ఏ సైతాను గుడీ కాదు.

ఇక పల్లవి ఎక్కడ ఆగిందో చూడండి. రెండే రెండుసార్లు వస్తుంది. మూడో చరణం తర్వాత మళ్లీ రావాల్సిన చోట రాదు. ఖాళీ చేయొచ్చు గానీ వెళ్లలేవని రాత్రి కాపలావాడు చెప్పాక, రెండు నిమిషాలకు పైగా గిటార్లే. బయటపడ్డాడో లేదో పాట చెప్పదు. నా లెక్కలో పాటలోని అతి పెద్ద సూచన అదే, అది ఏ లిరిక్స్ పేజీలోనూ కనిపించదు.

పల్లవినే నమ్మితే ఏమవుతుందో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాడిన 1984 నాటి ‘బార్న్ ఇన్ ది యూఎస్ఏ’ చూపిస్తుంది. పల్లవి వింటే దేశభక్తి గీతం. చరణాల్లో మాత్రం వియత్నాం నుంచి తిరిగొచ్చి, రిఫైనరీలో పని దొరకని మనిషి. అతని సోదరుడు వియత్నాంలోని ఖేసాన్ పోరులో పోయాడు. ఆ సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఎన్నికల సభలో స్ప్రింగ్‌స్టీన్ పాటల్లోని ఆశను పొగిడాడు కూడా.

గాయకుల ఇంటర్వ్యూలు చివర్లో చదవండి. అవి సాక్ష్యం, తీర్పు కాదు.

సాధనకు ఈ ‘బార్న్ ఇన్ ది యూఎస్ఏ’ పాటే తీసుకోండి. 1982లో ఒంటి గిటార్‌తో పాడిన రూపం 1998లో ‘ట్రాక్స్’ సంకలనంలో వచ్చింది. ముందు అది వినండి, వెంటనే 1984 రూపం పెట్టండి. డ్రమ్స్ చప్పుడులో ఏ చరణం మీ చెవి దాటిపోయిందో రాసుకోండి.