మీ ప్రశ్న - మా జవాబు: అయోవాకు పెద్ద పీట, కాలిఫోర్నియాకు చాప

అమెరికా అధ్యక్ష అభ్యర్థుల ఎంపిక గురించి, దాన్ని టీవీలు చూపించే తీరు గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి జవాబులు.

ప్ర: 2024 జనవరిలో మా అమ్మాయి దగ్గర అమెరికాలో ఉన్నాను. ఏ ఛానల్ తిప్పినా అయోవా, అయోవా. మార్చిలో కాలిఫోర్నియా ఓటేస్తే మాత్రం పూట మాటగా తేల్చేశారు. అయోవా అంత పెద్దదా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసన్నపేట

జ: పెద్దది కాదు, ముందుది. 2024లో రిపబ్లికన్ల అభ్యర్థి ఎంపిక ఓటింగు మొదలైంది ఆ రాష్ట్రంలోనే. 2020 జనాభా లెక్కల్లో అయోవా సుమారు 32 లక్షలు. మన పాత శ్రీకాకుళం జిల్లాలోనే 2011 నాటికి 27 లక్షల మంది ఉన్నారు. అయోవా తర్వాత వచ్చే న్యూ హాంప్‌షైర్‌లో 14 లక్షల మందైనా లేరు, అంటే పాత విజయనగరం జిల్లాకన్నా చాలా చిన్నది.

ఇక అసలు లెక్క. పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునేవాళ్లు ప్రతినిధులు. 2024లో రిపబ్లికన్ల ప్రతినిధులు మొత్తం 2,429 మంది. అభ్యర్థి కావాలంటే 1,215 మంది కావాలి. అయోవా వాటా 40, న్యూ హాంప్‌షైర్‌ది 22, కాలిఫోర్నియాది 169. మొదటి రెండూ కలిపినా నూటికి మూడు కూడా రావు. టీవీ సమయాన్ని ఈ లెక్కన పంచితే అయోవాకు దక్కేది వార్తల మధ్య ఒక చిన్న ముక్క.

ఛానళ్లు అలా పంచవు, వాటి ఇబ్బందులు వాటికున్నాయి. అయోవా రోజున వేరే రాష్ట్రం ఏదీ ఉండదు, కథ ఒక్కటే. రాష్ట్రం చిన్నది, కెమెరాలు నెల ముందే దిగిపోతాయి, అభ్యర్థి హోటల్లో కాఫీ తాగుతూ దొరుకుతాడు. 2024 మార్చి 5న కాలిఫోర్నియాతో పాటు మరో 14 రాష్ట్రాలు ఒకేసారి ఓటేశాయి. పైగా కాలిఫోర్నియాలో పోస్టులో వచ్చిన ఓట్ల లెక్క వారాల తరబడి సాగుతుంది. అప్పటి దాకా ఏ ఛానల్ కూర్చుంటుంది? 2016లో మరీ విడ్డూరం. కాలిఫోర్నియా డెమొక్రాట్ల ఓటింగు జూన్ 7న. ముందు రోజే వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ (వాళ్లకూ ఏపీయే పేరు!) హిల్లరీ క్లింటన్‌కు సరిపడా ప్రతినిధులు వచ్చేశారని ప్రకటించింది.

ప్ర: రెండో స్థానంలో వచ్చినవాడు గెలిచినట్టు, గెలిచినవాడు ఓడినట్టు చెబుతారేమిటి?
- డిగ్రీ విద్యార్థిని, రాజాం

జ: టీవీ ఓట్లను ఓట్లతో పోల్చదు, తన అంచనాతో పోలుస్తుంది. 1968లో న్యూ హాంప్‌షైర్ డెమొక్రాట్లలో అధ్యక్షుడు జాన్సన్‌కు సుమారు 49 శాతం, ఆయనపై పోటీకి దిగిన సెనేటర్ మెకార్తీకి 42 శాతం వచ్చాయి. జాన్సన్ పేరు బ్యాలెట్‌పై లేదు కూడా, జనం చేత్తో రాసి వేశారు. అయినా విజేత మెకార్తీయేనన్నట్టు చెప్పారు. ఆ మార్చి నెలాఖరుకే జాన్సన్ పోటీ నుంచి తప్పుకున్నాడు. 1992లో అక్కడే సాంగస్ గెలిచాడు, కానీ ఆ రాత్రి తెరంతా రెండో స్థానంలో వచ్చిన బిల్ క్లింటన్‌దే.

2024 అయోవా రిపబ్లికన్ పోటీలో ట్రంప్ తర్వాత డిశాంటిస్ రెండో స్థానం, హేలీ మూడో స్థానం. దాని మీద ఎంత చర్చ! చేతికొచ్చిన ప్రతినిధులు అతనికి 9 మంది, ఆమెకు 8 మంది. తేడా ఒక్కరు.

ప్ర: కాకస్ ఫలితాలే ఎందుకు తరచూ తారుమారవుతాయి?
- పంచాయతీ ఉద్యోగి, చీపురుపల్లి

జ: ప్రైమరీ అంటే మనకు తెలిసిన పోలింగే, ప్రభుత్వ యంత్రాంగం నడుపుతుంది. కాకస్‌ను పార్టీ నడుపుతుంది. రాత్రి 7 గంటలకు బడిలోనో చర్చిలోనో పార్టీవాళ్లు చేరతారు. రిపబ్లికన్లు ప్రసంగాలు విని, కాగితం ముక్క మీద పేరు రాసి వేస్తారు, అక్కడికక్కడే లెక్కిస్తారు. డెమొక్రాట్లు 2020 దాకా గుంపులుగా నిలబడేవారు. 15 శాతం రాని గుంపు చెదిరి వేరే గుంపులో కలవాలి. లెక్క కట్టి పైకి పంపేది జీతగాళ్లు కాదు, కార్యకర్తలు. తప్పు దొర్లేది అక్కడే.

2012 జనవరి 3 రాత్రి అయోవా రిపబ్లికన్ కాకస్‌లో రామ్నీ 8 ఓట్లతో గెలిచాడన్నారు. న్యూ హాంప్‌షైర్ ఓటింగు 10న అయిపోయింది. 19న తుది లెక్క తీస్తే శాంటోరం 34 ఓట్లు ఎక్కువ, పైగా 8 కేంద్రాల లెక్కలు దొరకనే లేదు. అసలు తమాషా తర్వాత ఉంది. ఆ రాత్రి ఓట్లకు ప్రతినిధులు కట్టుబడి ఉండనక్కర్లేదు కాబట్టి, పార్టీ మహాసభలో అయోవా 28 మందిలో 22 మంది మూడో స్థానంలో వచ్చిన రాన్ పాల్ వైపు నిలిచారు. 2020లో అయోవా డెమొక్రాట్లు లెక్కలు పంపడానికి యాప్‌ను నమ్ముకుంటే అది మొరాయించింది, ఫోన్లు కలవలేదు, ఆ రాత్రి ఫలితమే లేదు. చివరికి ఓట్లు ఎక్కువ శాండర్స్‌కు, ప్రతినిధులు ఎక్కువ బుటిజెజ్‌కు.

ప్ర: జనం ఇంకా ఓటేస్తుండగానే విజేతను ప్రకటించడం తప్పు కాదా?
- జీడి వ్యాపారి, పలాస

జ: 2024 అయోవాలో మొదలైన అరగంటకే ట్రంప్ గెలిచాడన్నారు. కొన్నిచోట్ల అప్పటికి చీటీ కూడా అందలేదు, డిశాంటిస్ వర్గం మండిపడింది. మన దగ్గర ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ సెక్షన్ ప్రకారం చివరి విడత పోలింగ్ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్ చెప్పకూడదు. అక్కడ అలాంటి చట్టం లేదు, ఆ రాష్ట్రంలో పోలింగ్ ముగిశాక చెబుదామని ఛానళ్లు పెట్టుకున్న కట్టుబాటే ఉంది. కాకస్‌లో తలుపులు మూసే వేళ 7, ఓటు పడేది ఆ తర్వాత. సందు అక్కడ దొరికింది. తేడా భారీగా ఉంటే సర్వే, తొలి లెక్కలు సరిపోతాయి. దగ్గరి పోటీ అయితే బస్తా మీది గుప్పెడు పిక్కలు చూసి సరుకంతటికీ ధర కట్టినట్టే.

ప్ర: ఇక్కడి నుంచి మేమే సరిగ్గా చూసుకోవాలంటే?
- గృహిణి, బొబ్బిలి

జ: జనవరి, ఫిబ్రవరిల్లో అయోవా కాకస్ మొదలయ్యేది మన ఉదయం 6:30కి, న్యూ హాంప్‌షైర్ పోలింగ్ ముగిసేదీ అప్పుడే. కాలిఫోర్నియా 9:30కి. మార్చి రెండో ఆదివారం నుంచి ఇవన్నీ మన గడియారంలో గంట ముందే వస్తాయి. తెరపై మూడు అంకెలు చూడండి: ఎంత శాతం లెక్కయింది, ఏ కౌంటీలవి (మన జిల్లాల్లాంటివి), ప్రతినిధులు ఎందరు. మన కౌంటింగ్‌లో 14 టేబుళ్లకు ఒక రౌండు కదా, మొదటి రౌండు ఏ మండలం బూత్‌లదో తెలియకుండా ఆధిక్యం చెబితే మీరు నమ్ముతారా? ఇదీ అంతే. డెమొక్రాట్లు 15 శాతం దాటినవారికి దామాషాగా పంచుతారు. రిపబ్లికన్ల నిబంధన రాష్ట్రానికో తీరు: 2024 కాలిఫోర్నియాలో సగం దాటిన ట్రంప్‌కే 169 మందీ వెళ్లారు.

ప్ర: టీవీ అసలు పట్టించుకోని చోట్లు ఉన్నాయా?
- పేరు రాయలేదు, ఇచ్ఛాపురం

జ: ఉన్నాయి. 2024 మార్చి 5నే పసిఫిక్ దీవులు అమెరికన్ సమోవాలో డెమొక్రాట్ కాకస్ జరిగింది. ఓటేసింది 91 మంది. జేసన్ పామర్‌కు 51, అధ్యక్షుడు బైడెన్‌కు 40. ఒక్క పూట వింత వార్తగా తిరిగి ఊరుకుంది. ఆ దీవులవాళ్లకు నవంబరు అధ్యక్ష ఎన్నికలో ఓటే లేదు.