తేనెటీగల ఫోటోలు తీసే అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. తెల్లవారితే పెరట్లో పూల మీద వాలే తేనెటీగలను దగ్గర నుంచి ఫోటోలు తీస్తూ కూర్చుంటుంది. ఫోటోగ్రఫీలోనే డిగ్రీ చేస్తానంటోంది. అదా, అగ్రికల్చర్ బీఎస్సీయా? చదువు పాడవుతుందని కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేశాను. – ఒక తండ్రి, దేవరకొండ

జవాబు: అయ్యా, మీరు అడిగింది రెండు కోర్సుల సంగతే అయినా, మీ ఉత్తరం నిండా ఉన్నది బిడ్డ చెయ్యి దాటిపోతుందేమోనన్న భయం. ఆ భయం అక్కర్లేదు. మీరు పంపిన ఫోటోలో, తులసి వెన్ను మీద వాలిన తేనెటీగ వెనక కాళ్లకు అంటిన పుప్పొడి ముద్ద కూడా స్పష్టంగా ఉంది. అంత దగ్గర నుంచి తీసినప్పుడు స్పష్టత దక్కే లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు కనుక, గాలికి పూవు కాస్త ఊగినా చిత్రం చెడిపోతుంది. ఎండ ఎక్కకముందు, ఒళ్లు వెచ్చబడని తేనెటీగ నెమ్మదిగా కదులుతుంది కాబట్టే ఆమె పొద్దున్నే పెరట్లోకి వెళ్తోంది. ఇంత ఓర్పుగా జంతుశాస్త్రం నేర్చుకుంటున్న పిల్లకు చదువు మీద ధ్యాస లేదని మీరెలా అనుకున్నారు? తాళం వేయడం తప్పు. ముందు దాన్ని తీయండి, పరీక్షలయ్యేదాకా రోజుకు అరగంట అని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రఫీ మీద మాత్రం నాకు గట్టి అనుమానాలున్నాయి. బహుమతులు పొందిన ఒకరిద్దరిని చూపించి భారీ ఫీజులు వసూలు చేసే ప్రైవేటు డిప్లొమాలను నేను నమ్మను. కీటకాల చిత్రాలను డబ్బిచ్చి కొనేవారు మన దగ్గర బహు తక్కువ. ఆ దారిలో వెళ్లి మళ్లీ నన్ను కలిసినవారిలో ఎక్కువమంది పెళ్లిళ్ల ఫోటోలతో సంసారం నెట్టుకొస్తున్నారు. అది గౌరవమైన పనే, కానీ మీ అమ్మాయి కోరుకున్నది వేరు. అయినా ఆమె పట్టుబడితే, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ప్రవేశ పరీక్ష రాసి, నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఫోటోగ్రఫీలో చేరనివ్వండి.

నా మొగ్గు అగ్రికల్చర్ బీఎస్సీ వైపే. అందులో కీటకశాస్త్రం ఉంది, పీజీలో దానినే ప్రధానంగా తీసుకోవచ్చు. పుచ్చ, దోస, గుమ్మడిలో మగపూవు, ఆడపూవు వేరువేరుగా ఉంటాయి కాబట్టి పుప్పొడి చేర్చే తేనెటీగలు రాకపోతే పిందె నిలవదు. పూత మీద పట్టపగలు పురుగుమందు కొడితే ఆ తేనెటీగలే చనిపోతాయని రైతుకు చూపించడానికి ఇలాంటి ఫోటోలు ఎంతో పనికొస్తాయి. సీటు రాకపోయినా కంగారు పడవద్దు; జంతుశాస్త్రంతో మామూలు బీఎస్సీ చేసి, ఎమ్మెస్సీలో కీటకాల వైపు వెళ్లవచ్చు. చిన్న జీవులను బాగా దగ్గర నుంచి తీసే ఖరీదైన మాక్రో లెన్సు ఇప్పుడే కొనకండి. తీసిన ప్రతి ఫోటోకు తేదీ, వేళ, పూవు పేరు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టమనండి. ఆమె ఏ కోర్సులో చేరినా అది పనికొస్తుంది.