ఆకు కొనలు ఎండుతున్నాయా? ముందు నీళ్లు చూడండి

ప్రశ్న: మాది దర్శి. ఉత్తరం వైపు వరండా నీడలో స్పైడర్ ప్లాంటు, డ్రసీనా, పసుపు అంచుల స్నేక్ ప్లాంటు పెంచుతున్నాను. బోరు నీళ్లే పోస్తాను. మొదటి రెండింటి ఆకుల కొనలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతున్నాయి. పిల్ల మొక్కలు చేసి మా ఆడపడుచుకు ఇవ్వాలని ఉంది. ఎలా?

జవాబు: అమ్మా, నాకు అనుమానం నీళ్ల మీదే. మీ ప్రాంతంలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ రెండు మొక్కలూ దాన్ని తట్టుకోలేవు. వేళ్లు పీల్చిన ఫ్లోరైడ్ నీటితో పాటు ఆకు చివరికి చేరి, నీరు ఆవిరయ్యాక అక్కడే పేరుకుంటుంది. నీళ్లను రాత్రంతా నిలవ ఉంచినా, మరిగించినా అది పోదు. అక్టోబరు, నవంబరు వానలను మూత ఉన్న డ్రమ్ములో పట్టుకోండి. ఒంగోలులో మా మెట్ల కింది కుండీలకు నేను ఆ నీళ్లే దాచి పోస్తాను; కొత్త ఆకులు కొసదాకా పచ్చగా వస్తాయి. ఎండిన కొనలు మాత్రం మళ్లీ పచ్చబడవు, కత్తిరించేయండి. సూపర్ ఫాస్ఫేట్ వేయకండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

ఇక పిల్ల మొక్కలు. స్పైడర్ తీగ చివరి పిల్ల అడుగున తెల్లటి బొడిపెల్లాంటి వేళ్లు కనిపిస్తాయి. తల్లి నుంచి కోయకుండానే పక్క కుండీ మట్టికి ఆనించి, వేళ్లూనాక వేరుచేయండి. డ్రసీనా కొమ్మ ముక్కలకూ వాన నీళ్లే మేలు. స్నేక్ ప్లాంటు ఆకు ముక్క నాటితే పసుపు అంచు పోయి ఉత్త పచ్చ మొక్క వస్తుంది. ఆ అందం నిలవాలంటే దుంపను పిలకతో సహా విడదీసి నాటాలి. ఆడపడుచుగారికి అదే ఇవ్వండి.