పిల్లల గది గోడకి ముగ్గు చుక్కలు, చిలక్కొయ్యలు

ప్రశ్న: తిరుపతిలో చిన్న ఇల్లు. పిల్లల గదిలో ఒక గోడని వాల్‌పేపర్ లేకుండా, తక్కువ ఖర్చుతో, సరదాగానూ పనికొచ్చేలాగానూ ఎలా చేయించుకోవచ్చు?

వాల్‌పేపర్ వద్దనుకోవడమే సగం మంచిపని. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి పడే వానలకి బయటివైపు గోడ చెమ్మ పీలుస్తుంది, కాగితం అంచులు లేస్తాయి. పిల్లల చేతికి అంచు దొరికితే ఇంకేముంది, వారంలో సగం గోడ ఊడొస్తుంది.

గోడ మీద ఒక ఆకారం పెడితే దానికో పని ఉండాలి. రెడీమేడ్‌గా దొరికే ఆరుమూలల పెట్టెలు చూడండి, నాలుగు పుస్తకాలు కూడా సరిగ్గా పట్టవు, వెనకున్న రెండు చిన్న కొక్కేల మీద వేలాడుతుంటాయి. వాటికి పెట్టే డబ్బుతో వడ్రంగి చేత చిలక్కొయ్యల పలక, అంటే సంచులు, టోపీలు తగిలించే కొయ్యలున్న పలక చేయించుకోవచ్చు. కొలత మన ఇంటి ముంగిట్లో ముగ్గులోనే ఉంది: 5 చుక్కలు, 3 వరకు, సందు చుక్క (ఒక వరుస చుక్కల సందుల్లో పక్క వరుస చుక్కలు). పై నుంచి 3, 4, 5, 4, 3. మొత్తం 19 చుక్కలు, 19 చిలక్కొయ్యలు. బయటి చుక్కలు కలిపితే చక్కటి షడ్భుజి.

18 మి.మీ. ప్లైవుడ్‌లో 32 అంగుళాల చదరం ముక్క తీసుకోండి. నడిమధ్య మేకు కొట్టి 16 అంగుళాల కొలతతో వృత్తం గీయండి. దీనికి దారం వద్దు, సాగుతుంది. రెండు బెజ్జాలు పెట్టిన సన్నటి చెక్కపట్టీ అయితే కొలత మారదు. ఎడమ అంచు మధ్యలో మొదలుపెట్టి అదే 16 అంగుళాలతో వృత్తం వెంట ఆరు గుర్తులు పెడితే ఆరోది మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగాలి. ఆగలేదంటే పట్టీ జారింది, మళ్ళీ గీయాలి. గుర్తులు వరసగా కలిపి కోస్తే షడ్భుజి పలక సిద్ధం. ఎదురెదురు మూలల్ని మూడు గీతలతో కలపండి. మధ్యలో ఒక చుక్క. ఒక్కో గీత మీద మధ్య నుంచి రెండువైపులా 6 అంగుళాల దగ్గర ఒకటి, 12 దగ్గర ఒకటి. 12 దగ్గరున్న పక్కపక్క చుక్కల నడుమ సరిగ్గా సగంలో ఇంకొకటి. 19 పూర్తవుతాయి. చుక్కకీ చుక్కకీ ఎటు చూసినా 6 అంగుళాలే.

ఎక్కువమంది దెబ్బతినేది బెజ్జం దగ్గర. నిటారుగా తొలిస్తే సంచి జారి కిందపడుతుంది. చిలక్కొయ్య ముందుకొన సుమారు 10 డిగ్రీలు పైకి లేవాలి. అందుకే తొలవకముందే 5 చుక్కల వరుస అడ్డంగా ఉండేలా పెట్టుకుని, పలకకి పైవైపు ఏదో పెన్సిలుతో రాసుకోండి. రాసుకోకపోతే కొన్ని కొయ్యలు పైకీ కొన్ని కిందకీ చూస్తాయి. పలక కింద పనికిరాని చెక్క వేసి తొలవాలి, లేకపోతే వెనక పొర చీలుతుంది. 16 మి.మీ. లావు టేకు కడ్డీని నాలుగేసి అంగుళాలుగా కోయించి, వెనక కొనకి అర అంగుళం లోతు రంపపు కోత పెట్టించండి. ఫెవికాల్ పూసి దూర్చాక ఆ కోతలో పలచటి చెక్క చీల కొడితే కొయ్య బిగుసుకుని కూర్చుంటుంది. ఒక రాత్రి ఆరనివ్వాలి.

బిగించడానికి మధ్య నుంచి 14 అంగుళాల దూరంలో, పై రెండు, కింది రెండు మూలల వైపు నాలుగు స్క్రూలు చాలు. 8 మి.మీ. ప్లగ్గు, రెండున్నర అంగుళాల స్క్రూ. ప్లగ్గు సిమెంటు పూత దాటి ఇటుకలోకి దిగాలి. పూతలోనే ఆగితే బడిసంచి బరువుకి పెళ్ళలతో సహా ఊడుతుంది. స్విచ్‌బోర్డుకి నేరుగా పైనా కిందా మాత్రం డ్రిల్లు పెట్టొద్దు, గోడ లోపల వైరు పైపులు అటే పోతాయి. కింది వరుస నేలకి 30 అంగుళాల ఎత్తులో ఉంటే చిన్నపిల్లలకీ అందుతుంది, పై వరుస 51 దగ్గరకొస్తుంది. బరువు సంచులు కింద, టోపీలు, ఐడీ కార్డులు పైన.

పక్కన ఖాళీ ఉంటే అదే చెక్కపట్టీ పద్ధతిలో రెండడుగుల కొలతతో నేల అంచు నుంచి అర్ధవృత్తం గీసి బ్లాక్‌బోర్డు రంగు వేయించండి. వంపుకి వెడల్పు టేపు ముడతలు పడుతుంది, పావు అంగుళం సన్న టేపు కావాలి. టేపు అంచు మీద ముందు గోడ పాత రంగే ఒక పూత వేసి, ఆరాక నల్లరంగు వేస్తే లోపలికి పాకదు. చివరి పూత పూర్తిగా ఆరకముందే టేపు లాగేయాలి. సున్నం గోడ అయితే టేపుతోపాటే సున్నం వచ్చేస్తుంది, అక్కడ చేత్తో గీయడమే మేలు. పెయింటర్లు పూతకీ పూతకీ మధ్య ఆగకుండా సాయంత్రానికి ముగించేయాలని చూస్తారు, ఒప్పుకోకండి. బాగా గట్టిపడ్డాక సుద్దముక్కని అడ్డంగా పట్టి నల్లటి భాగమంతా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు పిల్లలకివ్వండి. అలా చేయకపోతే మొదట రాసిన అక్షరాలు ఎంత తుడిచినా కనిపిస్తూనే ఉంటాయి.

అద్దె ఇల్లయితే అర్ధవృత్తం వదిలేయండి. పలకకి నాలుగు బెజ్జాలే కాబట్టి ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెడితే సరిపోతుంది, పలక మీవెంటే వస్తుంది.