బొమ్మ కింద రెండు లైన్లు

అమ్మా,

చెన్నైలో మ్యూజియం పుస్తకాల పనిలో ఇంటర్న్‌గా చేరిన అనుభవం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష హాయిగా ఉంది. కానీ మధ్యలో ఒకచోట, "రోజంతా క్యాప్షన్లు సరిచూడటమే, అసలు రాతపని ఒక్కటీ ఇవ్వలేదు" అన్నావు. నా మనసు అక్కడే ఆగిపోయింది. ఎం.ఏ.లో ఏం చదవాలి, ఏ పత్రికకు పంపాలి అని నువ్వడిగినవి అలాగే ఉండనీ. నేను చెప్పాలనుకున్నది ఆ వాక్యం గురించే.

మ్యూజియం పుస్తకంలో అసలు రాతపని క్యాప్షనే. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి నుంచి వచ్చిన నలగిరి ఫలకం ఉంది కదా, నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం. ఒకపక్క మదమెక్కిన ఏనుగు వీధిలో జనాన్ని చెదరగొడుతుంటుంది, ఇంకోపక్క బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. "నలగిరి, అమరావతి, క్రీ.శ. 2వ శతాబ్దం" అని రాసి వదిలేస్తే చూసేవాళ్లకు రెండు ఏనుగులే కనిపిస్తాయి. "ఒకే ఏనుగు, ముందూ తర్వాతా" అన్న నాలుగు మాటలు కలిపితే శిల్పి పనితనం తెలుస్తుంది. ఆ నాలుగు మాటలు రాయాలంటే ఫలకం ముందు చాలాసేపు నిలబడాలి. అన్నట్టు, నీ వ్యాసంలో దాన్ని పాలరాయి అన్నావు. అది పల్నాటి సున్నపురాయి, దిద్దుకో.

కొలతలు రాసేటప్పుడు ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, ఆపైన మందం, అన్నీ సెంటీమీటర్లలో. ఎత్తు పీఠంతో కలిపా, పీఠం లేకుండానా అన్నది రాయకపోతే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. పాత రిజిస్టర్లలో అడుగులు, అంగుళాలు ఉంటాయి. 3 అడుగుల 9 అంగుళాలంటే 114.3 సెం.మీ. దాన్నే ఎవరో 3.9 అడుగులని టైపు చేస్తే 118.9 అవుతుంది. విగ్రహం నాలుగున్నర సెంటీమీటర్లు పెరిగిపోతుంది, ఆ తప్పే తర్వాతి పుస్తకాల్లోకీ ఎక్కుతుంది. వస్తువు మీద రాసిన నంబరు, రిజిస్టరులో నంబరు, ఫొటో ఫైలు పేరులో నంబరు మూడూ కలిస్తేనే ముందుకెళ్లు.

పేజీ అందం కోసం ఫొటోను అద్దంలో చూపినట్టు తిప్పేసే డిజైనర్లను నేను క్షమించలేను. నటరాజు ఎత్తేది ఎడమకాలు. వెనక కుడిచేతిలో ఢమరుకం, ఎడమచేతిలో అగ్ని. ఫొటో తిప్పితే ఎగ్మూరు మ్యూజియంలోనే ఉన్న తిరువాలంగాడు కంచు నటరాజు కుడికాలు ఎత్తుతాడు. మదురై మీనాక్షి గుడిలోని వెళ్ళియంబలంలో (వెండి సభలో) స్వామి నిజంగానే కుడికాలు ఎత్తి ఉంటాడు కాబట్టి, తెలిసినవాళ్లు కూడా ఇది తప్పని పట్టుకోకపోవచ్చు. ప్రూఫు (అచ్చుకు ముందు సరిచూసే ప్రతి) రాగానే ముందు కాలు, తర్వాత చేతులు చూడు. క్యాప్షన్లన్నీ పుస్తకం చివర కుప్పపోసే ఫ్యాషన్ ఒకటి వచ్చింది. తెల్లటి పేజీ మీద ఎడిటర్లకున్న మోజుకు పాఠకుడెందుకు ముందుకూ వెనక్కూ పేజీలు తిప్పాలి? నువ్వు పుస్తకం పని జరిగే గదిలో ఉన్నప్పుడు ఎవరైనా ఆ మాటంటే ఒప్పుకోకు.

ఫొటోల్లో వాట్సాప్‌లో వచ్చినవేవీ వాడకు, మామూలుగా పంపేటప్పుడే కుదించుకుపోతాయి. పేజీలో 20 సెం.మీ. వెడల్పున పడాల్సిన ఫొటోకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన సుమారు 2,360 పిక్సెళ్లు కావాలి.

చెన్నైలో తెలుగు క్యాప్షన్లకు ఇంకో గండం ఉంది. లేఅవుట్ చేసేవాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లు తక్కువ. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, మన లిపుల్ని సరిగ్గా పేర్చే వరల్డ్ రెడీ కంపోజర్ సెట్టింగ్ పెట్టకపోతే ఒత్తులు విడిపోతాయి, "స్తూపం" ముక్కలవుతుంది. వాళ్ల కంటికి అది మామూలు అక్షరంలాగే ఉంటుంది. యూనికోడ్ కాని పాత అను ఫాంటుతో టైపు చేసిన ఫైలును, ఇప్పుడు అన్నిచోట్లా వాడే యూనికోడ్‌లోకి మార్చితే సంయుక్తాక్షరాలున్న ప్రతి మాటా మళ్లీ చదవాల్సిందే. ఆ గదిలో తెలుగు వచ్చినదానివి నువ్వొక్కదానివే అయితే, ఆ తప్పు పట్టుకోగలిగినదీ నువ్వొక్కదానివే.

ప్రెస్సుకు పంపేముందు ఇద్దరు కూర్చోండి. ఒకరు రిజిస్టరు పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూడాలి. చివరి నిమిషంలో ఒక ఫొటో మార్చి, కింద క్యాప్షన్ మార్చడం మరచిపోవడం తరచూ జరిగేదే. అందుకే ఫొటోలన్నీ ఖాయమయ్యాక క్యాప్షన్లు మరోసారి మొదటినుంచి చదవాలి.

ఈసారి వ్యాసం పంపకు. అమరావతి గదిలో నీకు నచ్చిన పది శిల్పాలకు క్యాప్షన్లు రాసి పంపు, నంబర్లు, కొలతలతో సహా. ఒక్కొక్కటి నలభై మాటలు దాటకూడదు.