చిట్టీ, ముందు డబ్బా అడుగు చూడు

చిట్టీ,

ఈసారి హాలోవీన్‌కి, పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు వేయించుకునే బకెట్లు కొనకుండా, ఇద్దరి చేతా చాక్లెట్ డబ్బాలు చేయిస్తానన్నావట, అక్క చెప్పింది. ఎంత ముచ్చటేసిందో! ఆఫీసు నుంచి వచ్చి పిల్లలతో నేలమీద కూర్చునే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. ఫోన్ చేస్తే "సరే పిన్నీ, సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

తెలిసినవే ముందు చెప్పేస్తా. అక్టోబరు 31 పొద్దున మొదలుపెట్టకు, వారం ముందే చెయ్యి. పెద్దదానికి మొండి కత్తెర, చిన్నాడికి స్టిక్కర్లు. గ్లూ గన్ మాత్రం నీ చెయ్యి దాటకూడదు. కరిగిన జిగురు వేలికి అంటుకుంటే ఓ పట్టాన ఊడిరాదు, కాలుతూనే ఉంటుంది.

ఇక అసలు సంగతి. పిల్లి మొహం బాగా కుదిరిందా అని కాదు, డబ్బా నిండాక అడుగు ఆగుతుందా, చీకట్లో కనబడుతుందా అని చూడు.

మీ తమ్ముడు రెండో క్లాసులో ఉండగా బాబాయి వాడికి నల్ల చార్టుతో పిల్లి సంచీ చేసిపెట్టారు. పసుపుపచ్చ కళ్లు, చీపురుపుల్లల మీసాలు, చూస్తే ఎత్తుకోవాలనిపించేది. అడుగు మాత్రం స్కూలుకి తీసుకెళ్లే తెల్ల గ్లూతో అంటించారు, పట్టుకునే పట్టీని స్టేప్లర్‌తో కొట్టారు. "ఒక్క సాయంత్రానికి ఇది చాల్లే" అన్నారు. వాడి వేషం గబ్బిలం, అదీ నలుపే. అప్పట్లో అమెరికాలో అక్టోబరు ఆఖరి ఆదివారమే గడియారాలు గంట వెనక్కి తిప్పేవాళ్లు. నవంబరుకి మారింది 2007లో. అందుకని న్యూజెర్సీలో మా ఎడిసన్‌లో ఐదు కాకుండానే పొద్దు గుంకింది. పైగా తుంపర. ఆ గ్లూ నీళ్లు తగిలితే కరిగేదే కదా! సరిగ్గా వీధి దాటుతుంటే అడుగు ఊడి చాక్లెట్లన్నీ రోడ్డు మీద పడ్డాయి. వాడు నా చెయ్యి విదిలించుకుని వెనక్కి పరిగెత్తి, గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టాడు. తడిసిన రోడ్డు, నల్ల వేషం, నల్ల సంచీ. మలుపు తిరిగిన కారావిడకి వాడు కనబడనేలేదు. బాబాయి కేకలేస్తూ కారుకి అడ్డం వెళ్లారు. ఆగింది. ఆవిడ దిగి ఏడ్చింది, నేనూ ఏడ్చాను, వీడేమో చాక్లెట్లు తడిసిపోయాయని ఏడుపు. బాబాయి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఇప్పటికీ అక్టోబరు వచ్చిందంటే రిఫ్లెక్టివ్ టేపు చుట్ట కొనుక్కొచ్చి, గుమ్మంలోకి వచ్చిన పిల్లల సంచులన్నిటికీ అడిగి మరీ అంటిస్తారు.

అందుకే గ్యాలన్ పాల డబ్బాతో చెయ్యమంటున్నాను. వానకి నానదు, పిడి దాంతోనే వస్తుంది. సబ్బుతో కడిగి రాత్రంతా బోర్లించు, లేకపోతే పాలవాసన వదలదు. పిడి జోలికి పోకుండా మూతి, దాని ఎదుటి వైపు నువ్వే కొయ్యి. కోసిన అంచు గీసుకుంటుంది, చుట్టూ టేపు వెయ్యి. పిల్లల వాటర్ కలర్లు ఆ ప్లాస్టిక్ మీద నిలవవు, పర్మనెంట్ మార్కర్లు ఇవ్వు. నలుపు కళ్లకీ నోటికీ చాలు. నాలుగు వైపులా రిఫ్లెక్టివ్ టేపు తప్పనిసరి.

పాల డబ్బా ఏమిటని పెద్దది మూతి ముడిస్తే ఈ కథ చెప్పు. 1950లో ఫిలడెల్ఫియాలో పిల్లలు పాల అట్టపెట్టెలకే రంగులేసి, ఇల్లిల్లూ తిరిగి చిల్లర అడిగి, 17 డాలర్లు యునిసెఫ్‌కి పంపారు. ఆ తర్వాత దేశమంతా పిల్లలు అదే పని చేశారు.

అయ్యాక లోపల రెండు కిలోల కందిపప్పు ప్యాకెట్లు పెట్టి, పిల్లని ఇల్లంతా పరిగెత్తమను. మీ అమ్మమ్మ అంతే. తెనాలిలో మేం బాదం ఆకులతో దొన్నె కుట్టగానే నీళ్లు పోసి చూసేది. చుక్క కారినా ఈనెపుల్లలు పీకేసి మళ్లీ కుట్టమనేది. నేనూ అక్కా ఎంత సణిగినా వినేది కాదు. ఆ మొండితనం నీకూ వచ్చింది, నాకు అదే ధైర్యం.

డబ్బాలో దీపం పెట్టాలనుకుంటే కొవ్వొత్తి మాట ఎత్తకు. బ్యాటరీ దీపమైనా మూతకి స్క్రూ ఉన్నదే కొను. బిళ్ల బ్యాటరీల మూత పిల్లల చేతికి సులువుగా రాకూడదని 2022లో చట్టమే వచ్చింది, కానీ ఇంట్లో పాతవి ఉంటాయి. మీ చిన్నాడు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. అన్నిటికంటే నాకు దీనికే భయం.

ఇంటికొచ్చే పిల్లలకి పంచే చిన్న పెట్టెల్లో నీ సున్నుండలు పెట్టకు తల్లీ. ఎంత ప్రేమగా చేసినా, ఇంట్లో చేసింది ఎవరూ తిననివ్వరు. ఏ పిల్లకి ఏది పడదో మనకేం తెలుసు? కొన్ని పెట్టెల్లో పెన్సిళ్లు, బొంగరాలు పెట్టి, గుమ్మంలో నీలం-ఆకుపచ్చ కలిసిన రంగు గుమ్మడికాయ ఒకటి ఉంచు. ఈ ఇంట్లో తినేవి కానివి కూడా ఇస్తారని చెప్పడానికి 2014 నుంచి దేశమంతా అదే గుర్తు. వేరుశనగ పడని పిల్లల తల్లులు అది చూసుకునే మెట్లెక్కుతారు. సున్నుండలు నాకు పంపు.

శనివారం డబ్బాలు కోసేటప్పుడు వీడియో కాల్ చెయ్యి. బాబాయి టేపు చుట్ట పోస్టులో వేశారు, ఈలోగా అందుతుంది.

మీ పిన్ని